పుదుచ్చేరి శిక్షణలో సరోజక్క చీటీ

ఈ ఉదయం నేను దిగిన ఇంటి ముందు ముగ్గులో ఒక మూల ఖాళీగా ఉంది. ఇంటావిడ స్కూటర్ నిలిపే చోటు అది. రోజూ అంతమేర వదిలి మిగతా వాకిలంతా ముగ్గు వేస్తుందట. రెడ్డియార్‌పాళయంలో ఈ గదికి రోజుకు ఆరు వందలు, పొద్దుటి కాఫీ అందులోనే.

ప్రభుత్వోద్యోగులకు మూడు రోజుల శిక్షణ అంటే యానాం నుంచి వచ్చాను. కాకినాడకు బస్సులో గంట, అక్కణ్నుంచి రైల్లో చెన్నై, చెన్నై నుంచి సముద్రం వెంట వచ్చే బస్సులో మూడున్నర గంటలు. మొత్తం ఏడు వందల లోపే అయింది. ఉద్యోగంలో చేరి రెండేళ్లయినా నేను లోపలి గదిలోనే పనిచేస్తున్నాను. అర్జీలో ఏదైనా తక్కువైతే చిన్న చీటీ మీద రాసి, గుండుసూదితో గుచ్చి, అటెండరు చేత తిప్పి పంపిస్తాను. కాన్వెంటులో దిద్దుకున్న దస్తూరి, చూసినవాళ్లు మెచ్చుకుంటారు. ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు. వచ్చే నెల నుంచి నన్ను కౌంటర్‌లో కూర్చోబెట్టాలని మా సూపరింటెండెంట్ గారి ఆలోచన. శిక్షణ అయ్యాక, చేయగలనో లేదో నేనే చెప్పాలి. లేదని చెప్పడానికే వచ్చానని అనుకోవచ్చు.

ఎనిమిదిన్నరకు ఆటో ఎక్కి, అడ్రసు రాసిన కాగితం అందించాను. డ్రైవరు దాన్ని తీసుకోకుండా నవ్వాడు. "పేపర్ వేండామ్మా, వాయ్‌ల సొల్లుంగ." కాగితం వద్దు, నోటితో చెప్పమని. చెప్పాను. నూట యాభై తీసుకుని గేటు ముందు దించాడు.

శిక్షణ ఇచ్చే మేడమ్ రిటైరైన అధికారి. మొదటి రెండు రోజులూ నాయకత్వం గురించి చెప్పారు, నేను నోట్సు రాసుకున్నాను. ఈరోజు నోట్సు మూయించారు. "ఉత్తుత్తి అర్జీలు వద్దు. నిజంగా కాగితం పట్టుకుని తిరిగిన మనుషులే మీ ఎదుట కూర్చుంటారు" అన్నారు. నా వంతు వచ్చేసరికి పదకొండున్నర. నా బల్ల ముందుకు వచ్చిన మనిషి క్యాంటీనులో వంట చేసే సరోజక్క. ఇంట్లో తెలుగే మాట్లాడే ఇక్కడి పాత కుటుంబం వాళ్లది. రెండు రోజులుగా "పిట్ట మాదిరి తింటావే పాపా, ఎట్ట బతుకుతావు?" అంటూ నా పళ్లెంలో సాంబారు పోస్తున్నది ఆమే.

తడి చేతులు కొంగుకు తుడుచుకుని, ప్లాస్టిక్ కవరులోంచి మడతలు పడ్డ అర్జీ తీసింది. వితంతు పింఛనుది. పైమూలన గుండుసూది, ఒక చీటీ.

"ఇది వద్దన్న కాయితం పాపా."

"ఎవరు వద్దన్నారు?"

"ఎవురూ నోటితో చెప్పలా. తిరిగొచ్చింది. తిరిగొస్తే వద్దనే గదా. నాకు తెలుగూ చదవను రాదు, తమిళమూ రాదు. ఇంక ఇంగ్లీషు యాడ? ఎవురినన్నా అడగాలంటే సిగ్గు."

చీటీ మీద ఇంగ్లీషులో ఒకే వాక్యం. ఫొటో అతికించి మళ్లీ సమర్పించమని. ముచ్చటైన అక్షరాలు. నా చీటీలూ ఇలాగే ఉంటాయి. నేను దాన్ని చాలాసేపు చదివాను. నేను లేచి, కుర్చీ బల్లకు అటువైపు లాక్కుని, సరోజక్క పక్కన కూర్చున్నాను.

"అక్కా, వద్దనలేదు. ఫొటో అంటించమన్నారు. అంతే."

"ఏంది?"

"ఫొటో."

"వినపడలా. గట్టిగా చెప్పు."

చెప్పాను. గదిలో అందరూ మావైపు తిరిగారు.

సరోజక్క చీటీని వేలితో తడిమింది. "ఎనిమిది నెలలు బీరువాలో పెట్టినాను పాపా. పూలు పెట్టి దండం పెట్టడం ఒకటే తక్కువ." నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. అలా పట్టుకోవాలని నోట్సులో ఎక్కడా లేదు.

భోజనాలు అయ్యాక మేడమ్‌కు చెప్పి ఇద్దరం వెళ్లి ఫొటో తీయించాం. ఇరవై నిమిషాలు, అరవై రూపాయలు. "మొగుడు పోయిందానికి నవ్వు మొకమేంది" అని బిగుసుకుని కూర్చుంది. మూడు గంటలకు పింఛన్ల ఆఫీసులో అర్జీ ఇచ్చాం, రసీదు తీసుకున్నాం. ఇక ఏం జరుగుతుందో ఆమెకు నోటితో చెప్పమని అక్కడి గుమాస్తాను అడిగాను. మనిషి మంచివాడు, పెన్ను పక్కన పెట్టి, మూడు వారాల్లో ఇంటికి విచారణకు వస్తారని తమిళంలో నిదానంగా చెప్పాడు. పింఛను వస్తుందో లేదో ఇంకా తెలియదు. ఇప్పుడు ఆమెకు తన కాగితం ఎక్కడుందో తెలుసు.

సాయంత్రం సముద్రం ఒడ్డున రాళ్ల మీద కూర్చున్నాను. యానాంలో ఎన్ని బీరువాల్లో నా దస్తూరి ఉందో లెక్క పెట్టబోయి మానేశాను. సూపరింటెండెంట్ గారికి ఫోన్ చేసి కౌంటర్‌లో కూర్చుంటానని చెప్పాను. తిప్పి పంపిన అర్జీల రిజిస్టరు తీసి ఉంచమనీ అడిగాను, ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలి. నా గొంతు ఇంకా చిన్నదే. పక్కన కూర్చుంటే సరిపోతుంది.

ఆఫీసు పని మీద ఇటు వచ్చేవాళ్లు రెండు ఫొటోలు బ్యాగులో ఉంచుకోండి. కాగితం తిరిగి వస్తే, అందులో ఏం రాశారో చదివి వినిపించమని అడిగాకే గుమ్మం దాటండి.

ఇంటికి వెళ్లాక ఇదంతా మా అమ్మకు చదివి వినిపించాలి. ఆమెకు చదవడం రాదు.