పదిహేడో నంబరుకి నాలుగయింది

ఆర్డిస్ కంగస్ చెయ్యి తప్పు చెయ్యదని మా ల్యాబులో అందరూ అంటారు. ఇరవై రెండేళ్ళు ఆవిడ వాడిన సీసాలు కడిగినదాన్ని, నేనూ అదే అనేదాన్ని. అమెరికాలో, సరస్సు ఒడ్డునున్న డులూత్‌లో కొండమీది వైద్య కళాశాల రెండో అంతస్తులో మా ఇద్దరి గదులూ ఎదురెదురు. ఆవిడది కణాలు పెంచే గది. ఆ కణాలతో పని అయిపోయాక బ్లీచు పోసి చంపి, పాత్రలు ఆవిరిలో ఉడకబెట్టే గది నాది. నా పని మీద ఎవరూ పేపర్లు రాయరు. బాధపడి చెప్పడం లేదు, ఉన్నమాట చెప్తున్నాను.

ఆర్డిస్‌కి పెళ్ళి కాలేదు. తమ్ముడు రెయినోకీ కాలేదు. అమ్మానాన్నలు కట్టిన చెక్క ఇంట్లోనే ఇద్దరికీ వయసు మళ్ళింది. రెయినోది ఒక వింత ఒళ్ళు. సాయంత్రం ఏడయ్యేసరికి నిద్ర ముంచుకొచ్చేది. చర్చి విందులోనైనా సరే, కూర్చున్నచోటే గడ్డం చొక్కా గుండీలకు ఆనేది. మళ్ళీ రెండింటికల్లా కళ్ళు విప్పేసేవాడు. "ఒరే రెయినో, మా కోళ్ళని కూడా నువ్వే లేపుతున్నావటగా" అని ఊరంతా ఏడిపించేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఎలాగూ మెలకువే కదా అని బేకరీలో పనికి చేరాడు.

అక్క లేచేసరికి తమ్ముడు బేకరీలో ఉండేవాడు. అక్క పడుకునేసరికి తమ్ముడు సగం నిద్ర పూర్తిచేసేవాడు. ఒకే కప్పు కింద ఉంటూ ఇద్దరూ మొహాలు చూసుకునేది సాయంత్రం నాలుగింటికి, భోజనం దగ్గర. అందుకే ఆర్డిస్ ఏడింటికే పనిలోకి దిగి, మూడున్నరకి కోటు తగిలించుకుని వెళ్ళిపోయేది.

నన్నూ రమ్మనేది. "ఇవాళ చేపల సూప్ చేశానే మార్లిస్, యాలకుల రొట్టె కూడా ఉంది. రా."

"నాలుగింటికి భోంచేసేవి ఆవులు తల్లీ. నేను మనిషిని," అనేదాన్ని.

మా ఆయన పోయి అప్పటికి ఆరేళ్ళు. ఇంట్లో నాకోసం ఎదురుచూసే ప్రాణి లేదు. అయినా వెళ్ళలేదు. ఎందుకంటే ఏం చెప్పను, బెట్టు.

అప్పుడు మా ప్రొఫెసర్ పెర్కోవిచ్, పెందలాడే నిద్రపోయే ఇలాంటి కుటుంబాల మీద పరిశోధన మొదలుపెట్టాడు. ఆర్డిసే తమ్ముణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. చేతిమీంచి పెసరగింజంత చర్మం తీసి, దానికో నంబరు వేశారు. పదిహేడు. ఏ నంబరు ఎవరిదో ల్యాబులో ఎవరికీ తెలియకూడదని రూలు. అక్కకి తెలియకుండా ఎలా ఉంటుంది? తమ్ముడి చేతికిచ్చిన కవరు మీద ఆ నంబరు చూసింది.

"అసలు వాడి ఒంట్లో ఏం తేడా ఉందే?" అని ఒకసారి అడిగాను.

"మన ఒంట్లో ప్రతి కణానికీ సొంత గడియారం ఉంటుందే. పర్ అని ఒక ప్రోటీను. కణం దాన్ని తయారుచేస్తూ పోతుంది. సరిపడా పోగయ్యాక అది జోడీని వెంటేసుకుని కణం నడిమి గదిలోకి వెళ్ళి, 'ఇక నన్ను తయారుచెయ్యొద్దు' అని తాళం వేసేస్తుంది. తర్వాత మెల్లగా అరిగిపోతుంది. పూర్తిగా అరిగాక తాళం ఊడి, తయారీ మళ్ళీ మొదలు. ఈ చుట్టు తిరగడానికి ఇంచుమించు ఒక రోజు."

"మరి రెయినోకి?"

"వాడి పర్ తొందరగా అరిగిపోతుంది. వాడి రోజు ఇరవై రెండున్నర గంటలే. పాపం, ఎప్పుడూ మనకంటే ముందే ఉంటాడు."

అన్నట్టుగానే ముందే వెళ్ళిపోయాడు. కిందటేడు చలికాలంలో, బేకరీలో పిండి మూట దింపుతూ, గుండె ఆగి. మూడో రోజుకి ఆర్డిస్ పనిలోకి వచ్చేసింది. మూడున్నరకి కోటు తగిలించుకుంది. గుమ్మందాకా వెళ్ళి నిలబడింది. మళ్ళీ వచ్చి కోటు విప్పి కొక్కేనికి తగిలించింది. ఎదురుగదిలోంచి చూస్తూ, నేను ఒక్కమాట కూడా అనలేదు. ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది.

వసంతం వచ్చాక పెర్కోవిచ్ ఆ కుటుంబాల నుంచి తీసిన చర్మం కణాలన్నీ డిష్‌లలో పెంచమన్నాడు. వాటిలోకి మిణుగురు పురుగు జన్యువొకటి ఎక్కించారు. గడియారం తిరిగేకొద్దీ కణాలు వెలుగుతాయి, ఆరుతాయి. డిష్‌ని చుట్టూ మూసేసి, ఒంటి వేడి ఉన్న చీకటి పెట్టెలో పెడితే, యంత్రం ఆ వెలుగుని లెక్కపెట్టి అలల్లాగా గీత గీస్తుంది. పెట్టె మీద పెర్కోవిచ్ స్వహస్తాలతో రాసిన కాగితం: "తెరిచారో, చంపేస్తాను." చల్లగాలి తగిలినా, కదిపినా గడియారాలు మారిపోతాయి. రోజుకోసారి యంత్రం ఆపి లెక్కలు కాపీ చేసుకోవడం మాత్రం ఆర్డిస్ పని.

అన్ని డిష్‌ల అలలూ పదిరోజుల్లో చిన్నవైపోయి చదునయ్యాయి. ఎప్పుడూ అంతే. పదిహేడో నంబరు మాత్రం మూడు వారాలైనా తగ్గలేదు. పైగా దాని రోజు ఇరవై రెండున్నర గంటలు కాదు, నిక్కచ్చిగా ఇరవై నాలుగు. పెర్కోవిచ్ కుర్రాడిలా గంతులేశాడు.

"మార్లిస్, చూశావా! ఈ మనిషి కణాలు తమ లోపాన్ని తామే దిద్దుకున్నాయి! వచ్చే నెల సభలో దీన్ని చూపించబోతున్నా!" అని అందరికీ కేకు పంచాడు. ఆర్డిస్ కేకు ముట్టుకోలేదు.

మర్నాడు సాయంత్రం కడిగిన సీసాలు ఇవ్వడానికి ఆవిడ గదిలోకి వెళ్ళాను. బల్లమీద రై రొట్టె, పొగబెట్టిన చేప. పక్కన, పెట్టెలోంచి తీసిన పదిహేడో నంబరు డిష్. గడియారంలో నాలుగూ అయిదు.

"ఆర్డిస్! కణాల గదిలో తిండా! నీకేమైనా మతిపోయిందా?" ముందు నా నోట్లోంచి వచ్చింది అదే. ఆ గదిలో చూయింగ్ గమ్ నమిలినందుకు ఒకణ్ణి గెంటేయించిన మనిషి మరి.

ఆవిడ బెదరలేదు. "పది నిమిషాలేనే. రోజూ ఈ టైముకే."

అప్పుడు నా తలలో దీపం వెలిగింది. రోజూ నాలుగింటికి పెట్టెలోంచి బయటికి వస్తే, ఆ కాస్త చల్లదనానికి కణాలన్నీ ఒక్కసారి ఉలిక్కిపడతాయి. అన్నీ కలిసి గడియారం సరిచేసుకుంటాయి. అందుకే అలలు తగ్గలేదు. అందుకే ఇరవై నాలుగు గంటలు.

"బతికున్నన్నాళ్ళూ వాడు నా టైముకి రాలేదు," అంది ఆర్డిస్. "ఇప్పుడు పిలిస్తే వస్తున్నాడు."

"అయితే నోరు మూసుకుని ఊరుకో. చెప్పావంటే ఆ డిష్ నీకు దక్కదు."

"చెప్పకపోతే ఆయన నా తిండిని పట్టుకెళ్ళి సైన్సని చెప్తాడు. ఇలాంటి ఇళ్ళవాళ్ళు ఎంతమంది నమ్ముతారే! రెయినో అయితే ఆ మాట నమ్మి ఎగిరి గంతేసేవాడు." డిష్‌ని మళ్ళీ పెట్టెలో పెట్టి, తలుపు మీద చెయ్యి ఆనించి చాలాసేపు నిలబడింది.

మర్నాడు పొద్దున్నే చెప్పేసింది. నేను ట్రే పట్టుకుని అక్కడే ఉన్నాను.

"సార్, అది కణాలు చేసింది కాదు. నేను చేశాను. రోజూ నాలుగింటికి బయటికి తీశాను."

పెర్కోవిచ్ మొహం తెల్లబోయింది. "నువ్వా? ఎందుకు ఆర్డిస్?"

"భోజనం వేళ కదా సార్. అది మా తమ్ముడు."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "నాకు ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు.

"మీకు తెలియకూడదని మీరే కదా రూలు పెట్టారు."

తిట్టలేదాయన. తిట్టినా బాగుండేది. పెట్టెకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. ఆ పదిహేడుని ఇప్పుడెవరూ ముట్టుకోకుండా చూడాలి కదా.

ముట్టుకోకపోయేసరికి రెయినో కణాలు తమ పాత దారి పట్టాయి. రోజూ గంటన్నర ముందుకు, ఇంకా ముందుకు. తర్వాత అలలు చిన్నవయ్యాయి. పదకొండో రోజుకి గీత నేలలా చదును. ఆర్డిస్ తెరమీద గీతని వేలితో తడిమింది.

"పోయాయా సార్?"

"లేదు," అన్నాడు పెర్కోవిచ్ మెత్తగా. "సూక్ష్మదర్శినితో చూశాను. ఒక్కో కణమూ వెలుగుతూ ఆరుతూనే ఉంది. కాకపోతే దేని టైము దానిది. ఒకటి లేచేసరికి ఇంకొకటి పడుకుంటోంది. అన్నీ కలిపి చూస్తే ఏమీ జరగనట్టు కనిపిస్తుంది."

ఆ సాయంత్రం నాకు ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. మా వీధిలో ఇళ్ళన్నీ గుర్తొచ్చాయి. మా ఇల్లూ గుర్తొచ్చింది.

పని అయిపోయిన డిష్‌లన్నీ జూన్‌లో నా ట్రేలోకి వచ్చాయి. పదిహేడూ అందులోనే ఉంది. ఫ్రీజర్‌లో దాచిన దాని కణాల గొట్టం ఇంకొకటి లేదు, ఉన్న ఒక్కటీ వాడేశారు. ఇన్నేళ్ళుగా వేల డిష్‌లకి బ్లీచు పోశాను. పేరు తెలిసి పొయ్యాల్సింది ఇదొక్కటే. మిగతావన్నీ చేసి దీన్ని పక్కన పెట్టాను.

నాలుగింటికి ఆర్డిస్ సూప్ గిన్నెతో నా గదిలోకి వచ్చింది. రెండు స్పూన్లు తెచ్చింది. నేను ఆవుల మాట ఎత్తలేదు. సింకు పక్కన బల్ల మీద గిన్నె పెట్టుకుని, డిష్‌ని మధ్యలో ఉంచుకుని ఇద్దరం తిన్నాం. సూప్ చాలా బాగుంది. అన్నేళ్ళు పిలిచింది, వెళ్ళాల్సింది.

తినడమయ్యాక నేను బ్లీచు సీసా అందుకున్నాను.

"ఇప్పుడే వద్దే," అంది.

"మరెప్పుడు?"

"ఏడింటికి. వాడు నిద్రపోయే టైముకి."

నా బస్సు అయిదింటికి. పోనీలే అనుకున్నాను. ఇద్దరం కిటికీ దగ్గర కూర్చున్నాం. సరస్సు మీద ఇంకా బోలెడంత ఎండ. ఇనుప ఖనిజం నింపుకున్న ఓడ ఒకటి రేవు దాటి వెళ్ళింది.

ఏడయింది.

"పడుకున్నాడు," అంది ఆర్డిస్.

నేను బ్లీచు పోశాను.