ఏడాదికి ఒక్క వారం మా ఇల్లు

చిన్నప్పుడు ఒక శనివారం పొద్దున... మా చర్చి సంఘం వాళ్లంతా గుడివాడ నుంచి రెండు వ్యాన్లలో బందరు సముద్రం ఒడ్డుకి బయలుదేరారు. ముందు వ్యాన్‌లో డ్రైవరు పక్కన పాస్టరుగారు. వెనక వ్యాన్‌లో కోడిపలావు గుండిగ, అది ఒరిగిపోకుండా రెండు చేతులా పట్టుకుని మా అమ్మ. అమ్మ కట్టుకున్నది తన పెళ్లి పట్టుచీర. ఆ రోజు మా ఇంటి ప్రతిష్ఠ ప్రార్థన, అంటే మా గృహప్రవేశం మరి...

ఇల్లంటే నిజంగా ఇల్లు కాదు. సముద్రం ఒడ్డున ఒక రిసార్ట్‌లో నాన్న వాయిదాల మీద కొన్న వారం. గది ఒక్కటే, వారాలు మాత్రం ఒక్కొక్కళ్లవి. ఏటా ఫిబ్రవరిలో ఒక వారం మాది. నాన్న రైసుమిల్లులో మెకానిక్కు. ఊక దుమ్ములో బతికిన మనిషికి సముద్రం గాలి మీద మనసెందుకు పోయిందో ఆయన ఎప్పుడూ చెప్పలేదు...

అప్పట్లో మేం గుడివాడలో అద్దె వాటాలో ఉండేవాళ్లం. గోడకి మేకు కొట్టకూడదు. చుట్టాలొస్తే రెండో రోజుకల్లా ఇంటావిడ ముఖం మారిపోయేది. సంఘంలో ఎవరు ఇల్లు కట్టుకుని ప్రతిష్ఠ పెట్టుకున్నా, ఉల్లిపాయలు తరగడానికి అందరికంటే ముందు వెళ్లేది మా అమ్మే. గుమ్మానికి కట్టిన రిబ్బను వైపు చూస్తూ తరిగేది. "మీ ఇంటికి ఎప్పుడు పిలుస్తావు రత్నం?" అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేది.

అందుకే నాన్న ఆ వారం కొన్నారని తెలియగానే ప్రతిష్ఠ చేయించాల్సిందే అంది. ఒకరి తర్వాత ఒకరిని, సంఘం మొత్తాన్నీ పిలిచేసింది. గదిలో ఎంతమంది దిగొచ్చో నాన్నకి తెలుసు. కానీ అంత సంబరంగా పట్టుచీర మడతలు విప్పుకుంటున్న మనిషికి ఆ మాట చెప్పలేకపోయారు పాపం...

గేటు దగ్గరే ఆపేశారు.

మేనేజరు కుర్రవాడు, మర్యాదగానే మాట్లాడాడు. ఆ గదికి నలుగురికే అనుమతి అన్నాడు. గుమ్మానికి రిబ్బను కట్టడం, గోడకి బైబిలు వాక్యం పటం కొట్టడం అసలే కుదరదన్నాడు. వచ్చే శనివారం ఇంకో కుటుంబం దిగుతుంది కదా మరి.

నాన్న తన చెప్పుల వైపు చూసుకుంటూ నిలబడ్డారు. తమ్ముడు, నేను అమ్మ కొంగు వెనక దాక్కున్నాం. కొత్తవాళ్ల ముందు నాకు నోరు రాదు... అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

మా మేనత్త వ్యాన్ దిగకుండానే అంది, "వారం రోజుల గదికి ప్రతిష్ఠ ఏంటే రత్నం? రేపు బస్సులో సీటు దొరికినా పాస్టరుగారిని పిలుస్తావా?"

కొందరు నవ్వారు. అమ్మ ఇక ఏడ్చేస్తుందనుకున్నాను. గుండిగ మూత సరిచేసి, కిందికి దిగి, నెమ్మదిగా మేనేజరు దగ్గరికి నడిచింది.

"ఈ వారం ఆ గది ఎవరిదండీ?"

"మీదేనండి."

"మా వారానికే ప్రార్థన చేయించుకుంటామండి. మిగతా వారాల జోలికి రాం."

అప్పుడు పాస్టరుగారే ఒక దారి చూపించారు. గది ముందు వరండా ఉంది. దాని ముందు పొట్టి కంచె, కంచె అవతల అంతా ఇసుక. మా నలుగురితో పాటు ఆయన ఒక్కరు వరండాలోకి వస్తారు, సంఘమంతా ఇసుకలోనే నిలబడుతుంది. మేనేజరు కంచె వైపు ఒకసారి చూసి, సరేనండి, గంటలో ముగించండి అన్నాడు.

అలా జరిగింది మా ప్రతిష్ఠ... పాట సగం గాలికి సముద్రం మీదికి కొట్టుకుపోయింది. అయినా ఎవరూ గొంతు తగ్గించలేదు.

ఇలాంటి ప్రార్థనల్లో ఇంటివాళ్ల పేర్లు చెప్పి దీవించమని అడుగుతారు. పాస్టరుగారు మా నలుగురి పేర్లూ చెప్పారు. తర్వాత అన్నారు, "ప్రభువా, మా తర్వాత ఈ మంచాల మీద పడుకునేవాళ్లని, వాళ్ల పిల్లల్ని కూడా కాపాడు. వాళ్లెవరో మాకు తెలియదు, నీకు తెలుసు." ఇసుకలోంచి అందరూ ఆమేన్ అన్నారు. మేనత్త గొంతు కూడా వినపడింది.

తర్వాత ఇసుకలోనే చాపలు పరిచి భోజనాలు. ఇసుక పడి పలావు పంటికింద కరకరలాడింది. మేనత్త రెండోసారి వడ్డించమంటే అమ్మ మంచి ముక్క వెతికి మరీ వేసింది...

సాయంత్రం వ్యాన్లు కదిలేటప్పుడు అమ్మ కంచె దగ్గర నిలబడి ప్రతి ఒక్కరితో "మళ్లీ రండి" అంది. గుడివాడ వాటాలో ఆ మాట అంత ధైర్యంగా అనగా నేనెప్పుడూ వినలేదు.

నాకు పెళ్లయి అవనిగడ్డ వచ్చేశాను. ఆ వారం ఇప్పుడు నా పేరు మీద ఉంది. రిసార్ట్ చాలా మారింది... అద్దాల తలుపులు, నీలం నీళ్ల కొలను. కంచె తీసేసి ఎత్తుగా గోడ కట్టారు. వరండాలో కూర్చుంటే సముద్రం చప్పుడు వినపడుతుంది కానీ ఇసుక కనపడదు.

మొన్న ఫిబ్రవరిలో వెళ్లినప్పుడు కౌంటర్లో కొత్తమ్మాయి అడిగింది, "గెస్టులా మేడమ్?" అని. మాటలన్నీ మా ఆయనే మాట్లాడతారు ఎప్పుడూ. ఆయన నోరు తెరిచేలోపు నేనే అన్నాను.

"కాదండి, ఓనర్లం. ఈ వారం మాది."

మా ఆయన నా వైపు వింతగా చూశారు...

ఒకరి గదికి తమదే అన్నట్టు రెండు వ్యాన్లెక్కి వచ్చి, ఎండలో ఇసుకలో నిలబడి పాడేవాళ్లు ఇప్పుడు ఎంతమంది ఉంటారు... మీ ఇళ్లలో కూడా చిన్న సంతోషానికి ఊరందర్నీ పిలుచుకున్న రోజు ఉంటే కింద రాయండి. జవాబు ఇవ్వడానికి సిగ్గుపడతానేమో కానీ, అన్నీ చదువుతాను...