పవిత్ర సీటు కోసం ఉలిగమ్మ ధర్మవరం ప్రయాణం

హిందూపురం డిగ్రీ కాలేజీకి ఈ ఏడు అందరికంటే ముందు అప్లై చేసింది ఒక పొట్టేలు. నవ్వకండి. సరే, అబద్ధమాడితే ఒప్పుకోవాలని నేర్పిన సిస్టర్ల బడిలో చదువుకున్నవాణ్ణి గనుక ఆ మాటలో సగం వెనక్కి తీసుకుంటాను. అప్లై చేసింది ఉలిగమ్మ కూతురు పవిత్రే. పొట్టేలు మెడలో ఫోను మాత్రం ఉండింది.

ఉలిగమ్మది సోమందేపల్లి దగ్గర మెట్ట పల్లె. ఎండాకాలం వస్తే భర్త ఓబుళప్ప గొర్రెల్ని ధర్మవరం వైపు తోలుకుపోతాడు. రాత్రిళ్లు రైతుల చేలల్లో మంద నిలిపితే చేనుకు ఎరువు, ఇంటికి గింజలు. పవిత్ర పెనుకొండలో ఇంటర్ ముగించి, హిందూపురంలో బీఎస్సీ చదువుతానంది. పొద్దుగూకితే ఆ పల్లెకు బస్సు లేదు. హాస్టల్లో చోటు దొరికితేనే చదువు, లేకుంటే గొర్రెల వెంటే.

అప్లికేషన్లు మొదలైన రోజే తల్లీకూతుళ్లు సోమందేపల్లిలో నెట్ సెంటరుకు వెళ్లారు. దాన్ని నడిపే నాగేష్ విసుక్కున్నాడు.

"ఏమక్కా, ఇంగా చానా గడువుండాది. అంత తొందరేంది?"

"మా మంద కావాల్సిన రైతు ఎండల్లోనే వచ్చి మాట చెప్పిపోతాడు. దుక్కి దున్నే పొద్దుకు వస్తే మంద ఇంగొకరి చేన్లో ఉంటాది. నువ్వు కొట్టప్పా!"

కొట్టాడు. ఓటీపీ మాత్రం ఓబుళప్ప ఫోనుకు పోయింది. ఆధార్‌కు ఇచ్చిన నంబరు అదొక్కటే. చేస్తే స్విచ్చాఫ్.

మర్నాడే ఉలిగమ్మ ధర్మవరం బస్సెక్కింది. చేనుచేనుకూ అడుగుతూ పోయి మొగుణ్ణి పట్టుకుంది. ఫోనేదంటే ఆయన పొట్టేలును చూపించాడు. తన దగ్గరుంటే పోగొట్టుకుంటానని సంచిలో పెట్టి దాని మెడకు కట్టాడట.

"దానికెవురు ఫోన్ చేస్తారని కట్టినావు?"

"నాకు మాత్రం ఎవురు చేస్తారే?"

పట్టుకోబోతే పొట్టేలు పరుగందుకుని ఆమెను రెండు చేలు, ఒక వంక దాటించింది. వంక నేను కలిపిందే. చివరికి ఉలిగమ్మ టీ కొట్లో ఫోను చార్జింగు పెట్టి, నాగేష్‌కు ఫోన్ చేసి మళ్లీ కొట్టించి, వచ్చిన అంకెల్ని ఒక్కొక్కటే చదివి వినిపించింది.

కొన్నాళ్లకు కాలేజీ నుంచి మెసేజ్ వచ్చింది. ఆదాయ సర్టిఫికెట్ పాతది, చెల్లదు. గడువుంది కాబట్టి కొత్తది తెచ్చి పెట్టారు. చివరి రోజు వచ్చినవాళ్లకూ అదే చిక్కు తగిలింది. వాళ్లకు సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి హాస్టల్ నిండిపోయింది. నాగేష్ అంగడి ముందు ఏడ్చిన పిల్లల్ని నా కళ్లతో చూశాను. ఇందులో కలిపిందేమీ లేదు.

పవిత్రకు సీటూ వచ్చింది, హాస్టల్లో కిటికీ పక్క మంచమూ వచ్చింది. ఇప్పుడు ఆ పల్లె తల్లులు పరీక్షలకు ముందే ఉలిగమ్మ గుమ్మంలో కూర్చుని ఏ కాగితాలు కావాలో అడుగుతున్నారు. ఎవరినీ ఆమె ఊరికే పంపదు. నాకు తెలిసిన ముందుచూపు మనుషుల్లో ఆమెను మించినవాళ్లు లేరు.

ఇదంతా రాసి ఆమెకే చదివి వినిపించాను.

"అంతా అబద్దం పెద్దాయనా. నేను యాడికీ పోలేదు. మా పాప మార్కులు చూసి ఇచ్చినారు సీటు. ఈ వయసులో నీకిదేం పని?"