లూప్ లైన్ల బండి తిరగదు

పొద్దున పేపర్ల మా తమ్ముని బిడ్డ ఫొటో వచ్చింది, కంప్యూటర్ సైన్సుల ప్రొఫెసర్ అయిందని. జనగామ బస్టాండు ముందటి చాయ్ హోటల్ల వచ్చినోనికల్ల చదివి వినిపించిన. ఇగ చాలని హోటలాయన పేపరు గుంజుకున్నడు. గంత సంబురంల గూడ ఒక ముక్క కాడ నాకు మండింది. "చక్కటి పుస్తకాల తెలుగులో పాఠం చెప్పి తొలి ఉద్యోగం సాధించారు" అని రాసిండ్రు. ఎవలు చూసిండ్రు? ఆనాడు ఆ క్లాసుల వెనక బెంచి మీద కూసున్నది నేను.

నేను మూడో తరగతి దాటలే. పొట్లాల కాయితాలు, స్టేషన్ల గోడలు చదివి అక్షరాలు కూడగట్టుకున్న. గార్లల, మహబూబాబాద్‌ల రైలు పాయింట్లు మార్చే కొలువు చేసిన. వేరే ఏది తప్పు చెప్పినా ఊకుంట గని, పట్టాల సంగతి తప్పు చెప్తే ఊకోను. మా పిల్లకు చదువు బాగ అబ్బింది, మాటనే కాలేజీలోళ్లకు నచ్చలే. రెండు కాలేజీలు పాఠం చెప్పి చూపియ్యమని పిలిచి, ఆమె గిట్ల, గట్ల అంటుంటే ముసిముసి నవ్వుకుంట పంపినయి. సినిమాలల్ల మా మాటను నవ్వులాటకు పెట్టి అలవాటు చేసిండ్రు, ఆ కోపం నాకు ఇప్పటికీ చల్లారలే. మూడోది భూపాలపల్లి. గది గూడ పోతే కొడకండ్ల దిక్కు పత్తి మిల్లుల గుమాస్తాగ పెడతనని మా తమ్ముడు ఎవలికో మాటిచ్చిండు. పిల్ల పరేషానై, పుస్తకాల తెలుగు బట్టీ పట్టింది.

తోడు పోయిన నన్ను ఎండల నిలబెట్టుడెందుకని క్లాసులనే కూసోబెట్టిండ్రు. పాఠం పేరు లూప్. అంటే ఒక్క పనినే కంప్యూటర్ తిరిగి తిరిగి చేసుడు. నా కొలువు యాదికొచ్చిందేమో, "రైల్వేలో లూప్ లైను మీద రైలు గుండ్రంగా ఎలా తిరుగుతూ ఉంటుందో" అని మొదలువెట్టింది. నాకు నిలువెల్ల మంట. లేచి నిలబడ్డ.

"తప్పు బిడ్డా. లూప్ లైన్ల బండి తిరగదు. పక్కకు జరిగి ఆగుతది. ఎక్స్‌ప్రెస్ పోయినంక మెయిన్ లైను ఎక్కుతది."

పరీక్ష చేసే ముగ్గురు సార్లల్ల పెద్దాయన కలానికి మూత పెట్టిండు. ఏం చేసిననో నాకప్పుడు తెలిసింది. పిల్ల మొఖం పాలిపోయింది. బట్టీ పట్టిన తెలుగంత ఎటుపోయిందో ఎటుపోయింది. ముందు బెంచిల ఒక పిల్ల మెల్లగ లేచి, మా ఊరికి రైలే లేదు మేడం, ఇంతకు లూప్ అంటే ఏంది అని అడిగింది.

"మీ ఇంట్ల నీళ్ల గోలెం ఉన్నదా?" అన్నది మా పిల్ల. ఉన్నదన్నది ఆ పిల్ల. "బావిల చేద ఏస్తవ్, తోడి గోలెంల పోస్తవ్. నిండిందా? నిండలే. మల్ల తోడు. నిండిందా? నిండలే."

"మల్ల" అన్నరు పిల్లలంత. నాలుగోపారికి గోడలు అదిరినయి. గదే లూప్ అన్నది మా పిల్ల. అంతల ముందు బెంచి పిల్లనే మళ్లీ లేచింది.

"గోలెంకు బొక్క ఉంటే మేడం?"

మా పిల్ల ఆ దినం మొదటిసారి నవ్వింది. "ఎన్నడు నిండదు. ఇగ జన్మంత తోడుడే. కంప్యూటర్ గూడ గట్లనే ఇరుక్కపోతది. అందుకే ముందుగాల బొక్క చూసుకోవాలె."

పెద్దసారు కలం మూత తీసిండు. తాను వారం రోజులు చెప్పే ముచ్చట పిల్లలే అడిగి తీసుకున్నరని పక్కాయనతోని అంటుంటే నేను విన్న. పొద్దుగూకకముందే ఆర్డరు కాయితం చేతికొచ్చింది.

వచ్చేటప్పుడు బస్సుల ఆ కాయితం నా చేతికే ఇచ్చి పట్టుకొమ్మన్నది గని, పరకాల దాక నాతోని మాట్లాడలే. పరకాలల అన్నది, "పెద్దబాపూ, ఇంకోపారి నా క్లాసుకు రావద్దు" అని. సరే అన్న. ఆమె దగ్గర చదివినోళ్లు సార్లయిండ్రు, వాళ్లు చదువు చెప్పినోళ్లు గూడ సార్లయిండ్రు, నేను మాత్రం ఒక్క పాఠం వినలే. సోమవారం ప్రొఫెసరుగ ఆమె మొదటి పాఠం ఉన్నదట. పోత. నోరు తెరవకుండ కూసుంట, పట్టాల ముచ్చట రానంతసేపు. క్లాసుకు రానని ఇచ్చిన మాట మీద నిలబడాలన్నా ముందట ఇంకొన్నేండ్లు ఉండాలె గద, ఎనభై దాటిన నాకాడ అవి ఎక్కడియి.