కుండపోత

ముక్తేశ్వరం నుంచి అమలాపురం వెళ్తుంటే వాన మా ఆటోని దారిలోనే ఆపేసింది.

"కుండపోత!" అన్నాను.

పక్కన కూర్చున్న పెద్దావిడ నవ్వారు. "ఆయ్, కుండపోతేనండీ. మొన్న వానల్లేక నారుమళ్ళు బీటలు తీస్తే, ఊరంతా కుండలతో గోదారి నీళ్ళు తెచ్చి శివుడి మీద పోసేం. ఇప్పుడాయన మన మీద పోస్తన్నారు. ఆ మాట అలా వచ్చిందేనండీ."

కుండలతో పోసినట్టు కురిసే వాన అని నేనూ చదువుకున్నాను. ఆ కుండలు ఎవరివో ఏ పుస్తకమూ చెప్పలేదు.

"మాది అనంతపురం పక్కమ్మా. ఈసారి చినుకే పడలేదు" అన్నాను.

ఆవిడ తన నీళ్ళ సీసా ఖాళీ చేసి, ఆటో టాపు మీంచి కారుతున్న ధార కింద పట్టి నింపి, నా చేతిలో పెట్టారు.

"మీ శివుడి మీద పొయ్యండి బాబూ."

మా ఊరు చేరేదాకా, ఎంత దాహమేసినా, ఆ మూత తియ్యలేదు.