ఎర్రబడ్డ పెదాలు

ఛత్తీస్‌గఢ్ కొత్తగా ఏర్పడిన రోజులవి. భిలాయి సెక్టర్ 6లో మా క్వార్టర్. నేను ఏడో తరగతి. నాన్న స్టీల్ ప్లాంట్‌లో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసేవారు.

ఆ రోజు సైన్స్ మేడమ్ కార్బన్ మోనాక్సైడ్ గురించి చెప్పారు. "దీనికి రంగుండదు, వాసనుండదు. పీల్చిన మనిషి నిద్రపోతున్నట్టే ఉంటాడు. పెదాలు ఎర్రబడొచ్చు. వెంటనే గాలి తగిలే చోటికి లాగాలి" అన్నారు. ఫర్నేసుల దగ్గర ఈ గ్యాసే ఉంటుందట.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మ లేదు. నైట్ డ్యూటీ చేసొచ్చిన నాన్న మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. పెదాలు ఎర్రగా ఉన్నాయి! పిలిచాను, కుదిపాను. ఉలుకూ పలుకూ లేదు. ఆయన రెండు కాళ్లూ పట్టుకుని వరండాలోకి లాగబోయాను. ధబీమని మంచం మీంచి కిందపడ్డారు.

"ఏటమ్మా, ఏటైంది?" అంటూ లేచి కూర్చున్నారు. గుప్పుమని పాన్ వాసన. డ్యూటీ దిగాక దారిలో పాన్ వేసుకోవడం ఆయనకి రోజూ అలవాటే. ఆ భయంలో నాకది తట్టనేలేదు.

ఏడుస్తూ పాఠమంతా అప్పజెప్పాను. నవ్వేస్తారనుకున్నాను. నవ్వలేదు. కాసేపు నా తల నిమిరి, "మీ మేడమ్ సరిగ్గానే చెప్పిందమ్మా" అన్నారు.

ఆ మాటకి ఇంకా భయమేసింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నాన్న నోరు కడుక్కోకుండా మంచమెక్కలేదు. అయినా ఆయన పడుకున్నప్పుడల్లా గుమ్మంలో నిలబడి, ఛాతీ కదులుతోందో లేదో చూశాకే పుస్తకం తీసేదాన్ని.