రాజమల్లు పెద్దబాపు చూసిన రెండు కాలేజీలు

జూన్ మొదటి వారంలో మా కాలేజీ గోడలకు కొత్తగా రంగు వేశారు. తరగతి గదుల్లో, మెట్ల దగ్గర, చివరికి స్టాఫ్ రూమ్‌లో నేను తాగే టీలో కూడా ఆ వాసనే. చేరబోయే పిల్లలను వెంటబెట్టుకుని తల్లిదండ్రులు కాలేజీ చూడడానికి వస్తారని, వాళ్ళను తిప్పి చూపించే పని నాదేనని ప్రిన్సిపాల్ గారు చెప్పారు. ముందు సెమినార్ హాలు చూపించాలట, తరువాత కంప్యూటర్ల గది, అక్కణ్ణుంచి తోట, ఆఖర్న చల్లని మజ్జిగ. వర్క్‌షాపు దారి అంత బాగుండదు కాబట్టి ఎవరైనా అడిగితేనే అటు తీసుకెళ్ళమన్నారు. నేను తల ఊపాను గానీ, ఆ రంగు వాసన ముక్కుకు తగిలినప్పటి నుంచి నా మనసు వేరే మనిషి దగ్గరుంది. ఆయన ఉండి ఉంటే గోడ మీద వేలు పెట్టి, అంటిన రంగును ప్రిన్సిపాల్ గారికే చూపించి, "ఎప్పుడేసిన్రు సార్, నిన్ననా?" అని అడిగేవాడు.

ఆయన పేరు రాజమల్లు. మా బాపు కంటే పదేళ్ళు పెద్ద కాబట్టి నాకు పెద్దబాపు అయ్యాడు, అంతకు మించి చుట్టరికం లేదు. ఇద్దరివీ కరీంనగర్ వైపు పక్కపక్క ఊళ్ళు. సూరత్‌లో, నవాగామ్ అనే పేటలో మా గది పక్క గది ఆయనది. బాపు సచిన్ అనే పారిశ్రామిక వాడలో ఒక షెడ్డులో మరమగ్గాలు నడిపేవాడు. అదే షెడ్డులో నేసిన బట్టను తనిఖీ చేసే పని పెద్దబాపుది. అక్కడ బట్టను మడతలు పెట్టి కట్టిన కట్టను తాకా అంటారు. తాకా చేతికొస్తే ఎవరైనా పై మడత విప్పి చూస్తారు. ఆయన మాత్రం కట్టను బోర్లించి, అట్టడుగు మడతను లాగి, దాన్ని కూడా వెనక వైపు తిప్పి చూసేవాడు. "పై మడత మనకు చూపెట్టనీకె పెట్టిన్రు. దాంట్ల ఏం దొరుకుతది?" అనేవాడు. తప్పు కనిపించిన చోట సుద్దతో ఒక గీత గీసేవాడు. ఆ గీత పడ్డాక సేఠ్ వచ్చి బతిమాలినా చెరిపేవాడు కాదు. ఆ పట్టుదల బట్ట దగ్గరే ఆగిపోతే మాకు కాస్త సుఖంగా ఉండేది. అద్దె గది చూడాలన్నా, కుట్టుమిషన్ కొనాలన్నా, పెళ్ళి సంబంధం ఖాయం చేసుకోవాలన్నా మావాళ్ళు ఆయన్నే వెంట తీసుకెళ్ళేవారు. ఆయన ప్రతిదాన్నీ తిరగేసి చూసి, సగానికి పైగా వాటిని పనికిరావనేవాడు. ఆయన వద్దన్న వంకాయలను మా అమ్మ కొంగు చాటున తెచ్చి వండిన రోజులు కూడా ఉన్నాయి.

నేను పన్నెండో తరగతి పాసైన ఏడాది నాకు రెండు కాలేజీల్లో సీటు వచ్చింది. ఒకటి ఊరి బయట కొత్తగా కట్టిన ప్రైవేటు కాలేజీ, కంప్యూటర్ల చదువు. రెండోది పాత ప్రభుత్వ కాలేజీ, అక్కడ బట్టల తయారీ చదువు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. బాపు తన షరతు ముందే చెప్పేశాడు. "నేను కండ్లతోని చూడాలె. నా మనసుకు పడితె పంపుత. లేకుంటె ఈ ఏడు ఇంట్ల ఉండి మీ అమ్మతోని చీరల పని చేసుకో." చీరల పనంటే చీర అంచులకు జిగురుతో రాళ్ళు అంటించడం. సెలవుల్లో నేను చేస్తూనే ఉన్నాను, వేళ్ళకు పట్టిన ఆ జిగురు అన్నంలో కూడా వాసన వచ్చేది. నా భయం పని గురించి కాదు. ఒక్క ఏడు అని ఇంట్లో కూర్చున్న మా గల్లీ ఆడపిల్లల్లో మళ్ళీ పుస్తకం పట్టినదాన్ని నేను చూడలేదు. ఇక రెండో కాలేజీ మీద బాపుకు ముందే గుర్రుగా ఉంది. "మగ్గం నుంచి తప్పియ్యాలని సదివిస్తుంటె మళ్ళ మగ్గం కాడికేనా?" అన్నాడు. నాకేమో బాపు జేబులో తెచ్చే గుడ్డముక్కల పోగులు ఒక్కొక్కటే లాగి, నేత ఎలా నడిచిందో చూడడం చిన్నప్పటి నుంచీ ఆట. ఆ మాట ఆయనతో అనే ధైర్యం మాత్రం లేదు.

మొదట ప్రైవేటు కాలేజీకి వెళ్ళాం. ఆదివారం తల్లిదండ్రుల కోసం వాళ్ళే బస్సు పంపారు. పెళ్ళిళ్ళకు తొడిగే తెల్ల చొక్కా వేసుకున్న బాపు, అద్దంలా మెరుస్తున్న పాలరాతి గుమ్మం ముందు చెప్పులు విప్పి చేత పట్టుకున్నాడు. కోటు వేసుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చి, "కోయీ బాత్ నహీఁ సర్, పహన్ లీజియే" అంది. పరవాలేదు, వేసుకోండి అని. చెప్పులు వేసుకున్న బాపు ఆ తరువాత లిఫ్టులోనూ, చల్లగాలి గదిలోనూ నిటారుగానే నడిచాడు. మాకు పూలగుత్తి ఇచ్చి ఫొటో కూడా తీశారు. ఈలోగా పెద్దబాపు మాయమయ్యాడు. వెతికితే వంటశాల వెనక, బోర్లించిన డబ్బా మీద కూర్చుని, ఆలుగడ్డలు చెక్కు తీస్తున్నవాడితో బీడీ పంచుకుంటూ కనిపించాడు. "ఈ వంటోళ్ళు ఇయ్యాల్టి మందమే అట. రేపు ఉండరు" అన్నాడు నన్ను చూసి. తరువాత ల్యాబ్‌లోకి వచ్చి, ఒక మిషన్ మీది ప్లాస్టిక్ తొడుగు ఎత్తి ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన మాత్రం తాపీగా, "బిడ్డా, నడిచే మిషన్‌కు నూనె వాసనుంటది. దీనికి ఇంక అట్టపెట్టె వాసనే పోలే" అన్నాడు. రెండో ఏడాది పిల్లలు ఎక్కడున్నారని ఆయన అడిగితే ఆ కోటు అమ్మాయి నవ్వి మజ్జిగ ఇచ్చింది.

తిరుగు బస్సులో బాపు పూలగుత్తిని ఒడిలో పెట్టుకుని కూర్చున్నాడు. తరువాత, "అన్నా, పుట్టినకాంచి నన్ను ఎవ్వలన్న సార్ అన్నరా? వాళ్ళన్నరు" అన్నాడు. "అన్నరు తమ్మీ. నన్ను గూడ అన్నరు. నాకు గూడ మంచిగనే అనిపించింది" అన్నాడు పెద్దబాపు. "గని సదివేది బిడ్డ గద. దానికి లోపటి మడత చూపెట్టలే వాళ్ళు." బాపు కిటికీ వైపు తిరిగాడు. గీత పడిపోయిందని ముగ్గురికీ అర్థమైంది. ఇప్పుడు ఈ పనిలో ఉండి చూస్తే తెలుస్తోంది, ఇంటివాళ్ళు కాలేజీకి వచ్చినప్పుడు భవనం కంటే ముందు, గుమ్మంలో తమతో ఎవరు ఎలా మాట్లాడారన్నదే మనసులో పెట్టుకుంటారు. బాపు ఆ రోజు చూసింది కాలేజీని కాదు, తనకు దొరికిన మర్యాదను.

ప్రభుత్వ కాలేజీకి ఒక పనిరోజున మధ్యాహ్నం వెళ్ళాం. ఆ వారం వాళ్ళిద్దరిదీ రాత్రి షిఫ్టు కాబట్టి పగలు తీరిక. గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తకుండానే లోపలికి చెయ్యి చూపించాడు. కిటికీ వెనక గుమాస్తా భోజనం అయ్యాక రమ్మని గుజరాతీలో కసిరాడు. సార్ అన్నవాడు లేడు. "మనిషిని మనిషి లెక్క చూస్తలేరు" అని బాపు అక్కడే వెనక్కి తిరగబోయాడు. పెద్దబాపు ఆయన్ని ఆపి, భవనం చుట్టూ తిప్పి, వెనక గేటు పక్కనున్న వర్క్‌షాపు దగ్గరికి తీసుకెళ్ళాడు. మూసిన షట్టర్‌కు చెవి ఆనించి నిలబడ్డాడు. ఒక నిమిషం, రెండు నిమిషాలు. "సప్పుడు లేదు" అన్నాడు. రోజుకు పన్నెండు గంటలు మగ్గాల మోతలో బతికి, ఇంట్లో కూడా అరిచినట్టే మాట్లాడుకునే మనుషులు వాళ్ళు. షెడ్డులో చప్పుడు లేదంటే వాళ్ళకు తెలిసిన అర్థం ఒక్కటే, పని పోయిందని. "ఇది బందు పడ్డ షెడ్డు తమ్మీ" అన్నాడు పెద్దబాపు. రెండో గీత కూడా పడింది. ఆటోలో బాపు నా వైపు చూడకుండా, "ఐపాయె. ఈ ఏడు ఇంట్ల ఉండు బిడ్డా" అన్నాడు.

నిజానికి నేనొకటి చూశాను. షట్టర్ దగ్గర వాళ్ళిద్దరూ చెవులు రిక్కించి నిలబడ్డప్పుడు, పక్క గది కిటికీలోంచి బెంచీల మీద సుద్దతో రాసిన నంబర్లు కనిపించాయి. మా బళ్ళో పరీక్షలప్పుడు రాసేవి అవే. చూసి కూడా నోరు మెదపలేదు. పెద్దబాపు చూపు తప్పని అన్నవాళ్ళు మా గల్లీలో ఎవరూ లేరు, నేనెంత? మర్నాడు సాయంత్రం వరకు ఆ మాట నాలోనే దాచుకున్నాను. సీటు ఖాయం చేసుకోవడానికి ఇంకో రెండు రోజులే గడువు. షిఫ్టుకు వెళ్ళే ముందు టీకి ఆయన మా గుమ్మంలో కూర్చున్నాడు. నేను చీర మీది రాళ్ళ మీంచి తల ఎత్తకుండానే, "పెద్దబాపూ, నువ్వు సప్పుడు విన్నవ్ గని బెంచీలు చూడలే. వాటి మీద నంబర్లున్నయ్. పరీక్షలు అయితున్నయ్ కావచ్చు" అన్నాను. అమ్మ చేతిలో జిగురు పుల్ల ఆగిపోయింది. ఆయన నన్నే చూశాడు. సగం టీ గ్లాసులో వదిలేసి లేచి వెళ్ళిపోయాడు. ఆయనకు కోపం వచ్చిందనే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం బాపు నిద్ర లేచి ముఖం కడుక్కుంటుంటే పెద్దబాపు వచ్చి నిలబడ్డాడు. షిఫ్టు దిగి గదికి రాకుండా నేరుగా ఆ కాలేజీకి వెళ్ళాడట, కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. "తమ్మీ, నేను తప్పు చూసిన" అన్నాడు. "మనం పోయిన నాడు పొద్దున రాత పరీక్షలట. ఇయ్యాల మిషన్ల మీద నేర్చుకుంటున్నరు. పా, మళ్ళ చూద్దాం." బాపు తువ్వాలు భుజాన వేసుకుని దగ్గరికి వచ్చాడు. "నువ్వు తప్పు చూసుడేంది అన్నా?" "చూసిన. బిడ్డ చెప్పింది" అన్నాడాయన, ఏదో తానే పరీక్ష పాసైనట్టు. ఆయన గీసిన గీతను ఆయనే చెరపడం నేను చూసింది ఆ ఒక్కసారే.

వెనక గేటు దగ్గరికి రాకముందే మోత వినిపించింది. "మగ్గాలు" అన్నాడు బాపు, నడక దానంతట అదే వేగమైంది. లోపల నేల మీద నూనె మరకలు, గాలిలో నూలు దుమ్ము. ఒక మగ్గం ఆగి ఉంది, తెగిన పోగుతో ఒక అమ్మాయి కుస్తీ పడుతోంది. తలనెరిసిన మేష్టారు చొక్కా చేతులు మడిచి పక్కనే నిలబడ్డారు. బాపు చూసి చూసి ఉండబట్టలేక, ఎవరినీ అడక్కుండా వంగి, రెండు వేళ్ళతో ముడి వేసేశాడు. మగ్గం కదిలింది. వేసిన తరువాత గానీ తానెక్కడున్నాడో గుర్తుకు రాలేదు, చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మేష్టారు మగ్గం ఆపి, పోగును మళ్ళీ తెంపేశారు. "ఫిర్ సే కీజియే మాస్టర్, జరా ధీరే. బచ్చే దేఖేంగే" అన్నారు. నెమ్మదిగా మళ్ళీ వేస్తే పిల్లలు చూస్తారట. అదిగో, అక్కడ చిక్కు వచ్చింది. ఇరవై ఏళ్ళుగా రెప్పపాటులో ముడి వేసిన ఆ వేళ్ళకు నెమ్మదిగా వేయడం రాలేదు. ఒకసారి జారింది, రెండోసారి చిక్కు పడింది. పిల్లలు నవ్వారు, బాపు కూడా నవ్వేశాడు. చివరికి ఆ అమ్మాయి వేళ్ళు పట్టుకుని, "గిట్ల, గీడ నుంచి, ఆ గట్లనే" అని తెలుగులోనే నేర్పించాడు. ఆ అమ్మాయికి తెలుగు రాదు, ముడి మాత్రం వచ్చేసింది. బయట పెద్దబాపు గోడకు ఆనుకుని, నిలబడే నిద్రపోతున్నాడు. ఆటో ఎక్కాక బాపు అన్నది ఒక్కటే. "ఆ సారు నన్ను మళ్ళ రమ్మన్నడు." మర్నాడు పొద్దున్నే నా సీటు ఖాయమైంది.

నేను చదివిన ఇదే కాలేజీలో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు పెద్దబాపు నా గది చూడడానికి వచ్చాడు. నా కుర్చీని బోర్లించి, కాళ్ళు కదిపి చూసి, "నిలుస్తది" అన్నాడు. ఆయన కిందటేడు పోయాడు. నేను ఆయన్ని తలుచుకున్నప్పుడల్లా గుర్తొచ్చేది అడుగు మడత లాగి చూసే ఆ చెయ్యి కాదు, నిద్ర లేని కళ్ళతో గుమ్మంలో నిలబడి "తప్పు చూసిన" అన్న ఆ గొంతు. ఆయన రెండోసారి వెళ్ళకపోయి ఉంటే ఈపాటికి ఎన్ని చీరలకు రాళ్ళు అంటించి ఉండేదాన్నో.

అందుకే మొన్న తల్లిదండ్రులు వచ్చినప్పుడు వాళ్ళను ముందు వర్క్‌షాపుకే తీసుకెళ్ళాను, మజ్జిగ అక్కడే ఇప్పించాను. ప్రతి ఒక్కరినీ గుమ్మంలోనే పేరు పెట్టి పలకరించి కూర్చోబెట్టాను, అది బాపు కోసం. వెళ్ళేటప్పుడు అందరికీ ఒకటే చెప్పాను. "రేపో ఎల్లుండో మళ్ళీ రండి. నాకు చెప్పకుండా రండి. వెనక గేటు తెరిచే ఉంటుంది." ప్రిన్సిపాల్ గారు నావైపు అదోలా చూశారు.

నిన్న మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే వెనక గేటు దగ్గర ఒక తల్లీ కూతురూ. మొన్న వచ్చినవాళ్ళే. తల్లి కూతురిని మాట్లాడవద్దని సైగ చేసి, తల ఒక పక్కకు వంచి వింటోంది. సరిగ్గా అప్పుడే మగ్గం ఆగి ఉంది. లోపల ఎవరిదో పోగు తెగింది. నేను కొంగు దోపుకుని వర్క్‌షాపు ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, బాపు వేసినట్టే రెండు వేళ్ళతో ముడి వేసి, మగ్గం నడిపించి, ఆయాసం ఆపుకుంటూ ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను. తరువాత తలుచుకుంటే నవ్వు ఆగలేదు. పెద్దబాపు ఉండి ఉంటే నా ఆ పరుగు మీద కూడా ఒక సుద్ద గీత గీసేవాడు.